పెద్ద డ్రమ్ముకు రెండో స్థాయి

మా మేనల్లుడి ప్రోగ్రెస్ కార్డులో ఈసారి లెక్కలు, సైన్సు కింద ‘బ్యాండు’ అని కొత్త గడి ఒకటి వెలిసింది. గడిలో ‘2’ అనే అంకె, పక్కన చిన్నక్షరాల్లో ‘ప్రావీణ్యం దిశగా పయనిస్తున్నాడు’ అన్న శుభవార్త. వాడు వాయించేది పెద్ద డ్రమ్ము. ఎడమ కాలు నేల మీద పడ్డప్పుడల్లా ‘ఢాం’ అనాలి. కాలు పడుతోంది, ఢామూ పడుతోంది. ఇంకా ఏ దిశగా పయనించాలో, దారిలో బెంజి సర్కిల్ తగులుతుందో లేదో కార్డులో రాయలేదు.

ఊరు బెజవాడ. స్కూలు పేరు అనవసరం, మీ పిల్లలు చదివేదే అనుకోండి. విధానం పేరు ప్రావీణ్యాధారిత గ్రేడింగు. వెనకటికి బ్యాండులో గ్రేడంటే ప్రాక్టీసుకు వచ్చావా, బూట్లకు పాలిష్ ఉందా, పీటీ సారు విజిలేస్తే కదిలావా, అంతే. మూడేళ్లు బ్యూగిల్ మోసి ఒక్కసారీ ఊదని మహానుభావులు కూడా ‘ఏ’ గ్రేడుతో బయటపడ్డారు. అది అన్యాయమే, కాదనను. అందుకని కొత్త పద్ధతిలో హాజరు, క్రమశిక్షణ, ప్రోగ్రాంకి రావడం వగైరాలన్నీ ‘ప్రవర్తన’ అని వేరే గడిలోకి నెట్టారు. గ్రేడు నైపుణ్యానికే. ఒకటి నుంచి నాలుగు దాకా స్థాయిలు. తక్కువొస్తే మళ్లీ వచ్చి వాయించి పెంచుకోవచ్చు.

అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రం, ప్రావీణ్యం చూపితేనే హైస్కూలు డిప్లొమా అని 2012లో చట్టం చేసుకుంది. 2018లో ఆ తప్పనిసరిని తీసేసింది. వాళ్లు వదిలించుకున్నది మనకు మహాప్రసాదం కాకపోతే ఆశ్చర్యపోవాలి. అయితే ఒకటి. అక్కడ బ్యాండంటే టైంటేబుల్లో ఉండే సబ్జెక్టు, దానికి సంగీతం చదువుకున్న టీచరు. మనవాళ్లు ఆ పీరియడునీ, ఆ టీచరునీ అక్కడే వదిలేసి గ్రేడు ఒక్కటీ పట్టుకొచ్చారు.

మూల్యాంకనం రోజున తల్లిదండ్రులను కూడా రమ్మన్నారు. మా బావకి తీరిక లేక మేనమామ హోదాలో నేను వెళ్లి కూర్చున్నాను. పరీక్షించేది అకడమిక్ కోఆర్డినేటర్ మేడమ్. ఆవిడ సబ్జెక్టు కెమిస్ట్రీ. చేతిలో ట్యాబు, అందులో స్వరశుద్ధి, లయ, భావప్రకటన అని గడులు. ప్రావీణ్యం ఎవరిది వాళ్లదే కాబట్టి ఒక్కొక్కరే వచ్చి కవాతు ట్యూను మొత్తం వాయించాలి.

మావాడు వెళ్లాడు. ఢాం. ఢాం. ఢాం. చుట్టూ బ్యాండు లేదు, ట్యూను లేదు. గదిలో ఒక డ్రమ్ము, ఒక కెమిస్ట్రీ. ఢాం. కాసేపటికి కిటికీ అద్దం కూడా లయలో పడింది. మేడమ్ తల ఒక పక్కకి వంచి, “పాట ఏది నాన్నా?” అని అడిగింది. “పాట వేరేవాళ్లది మేడమ్” అన్నాడు వాడు. ఆ ఇంట్లో పుట్టినందుకు మొదటిసారి ఒక తెలివైన మాట అన్నాడనుకున్నాను. ‘స్వరశుద్ధి కనబరచలేదు’ అని ట్యాబులో ఎక్కింది.

తర్వాత సింబల్స్ పిల్ల. రెండు పళ్లేలూ ఛాతీ దగ్గర పట్టుకుని నిలబడింది. పెదాలు కదులుతున్నాయి, లెక్కపెట్టుకుంటోంది. నిమిషం దాటింది. “స్టార్ట్ చెయ్యమ్మా.” “చేశాను మేడమ్.” “ఏదీ, వినపడలేదే?” “ఇంకా నా వంతు రాలేదు మేడమ్.” మేడమ్ మమ్మల్ని చూసింది, మేం సీలింగు ఫ్యానును చూశాం. మరి కాసేపటికి చరణం చివర పిల్ల లెక్క పూర్తయింది. ఝణ్! ట్యాబు కింద పడింది. ఆ దెబ్బ ఎంత కచ్చితంగా పడిందో సన్నాయి పక్కన డోలు విన్న చెవులకైతే తెలుస్తుంది. పిల్లకి ఒకటో స్థాయి, కారణం ‘చొరవ లోపించింది’.

బ్యూగిల్ కుర్రాడి కథ ఇంకా ఘనం. మార్కులేసే కొలబద్ద, అంటే రూబ్రిక్‌లో ‘ఏడు స్వరాలనూ ఆరోహణ, అవరోహణ క్రమంలో పలికించగలడు’ అని ఉంది. బ్యూగిల్‌కి మీటలుండవు. పెదవి బిగింపు మీద వచ్చేవే దాని స్వరాలు. మామూలుగా స, గ, ప, అవే పై స్థాయిలో, కింది స్థాయిలో. మిగతావి బ్రహ్మదేవుడు ఊదినా పలకవు. కుర్రాడు స అన్నాడు, గ అన్నాడు, ప అన్నాడు, ఆగాడు. ‘పాక్షిక అవగాహన’ అని తేల్చారు. గాలి కదిలే ధర్మానికి మన స్కూలు ఫెయిలు మార్కు వేసింది.

ఇక జనవరి 26 వచ్చింది. హాజరుకి గ్రేడు లేదని తల్లిదండ్రులకి మనకంటే ముందే అర్థమైంది. “మావాడికి నాలుగు వచ్చేసిందండీ, ఇంకా జెండా వందనానికెందుకు? ఐఐటీ ఫౌండేషన్ క్లాసుంది” అని సైడ్ డ్రమ్ముల్లో ప్రవీణులంతా ఎగ్గొట్టారు. వచ్చినవాళ్లు ఒకటీ, రెండూ స్థాయిల వాళ్లే. తెల్లారకముందే లేచి, తెల్ల షూలకి సుద్ద రాసుకుని, మంచులో నిలబడి వాయించారు. మధ్యలో తాళం జారింది. విధానం ప్రకారం దీనికీ మళ్లీ అవకాశం ఇవ్వాలి. ముఖ్య అతిథిని ఫిబ్రవరిలో ఇంకోసారి పిలిచి, జెండా దించి మళ్లీ ఎగరేయిస్తారేమో కనుక్కోవాలి.

ప్రావీణ్యానికి గ్రేడివ్వడం ఈ ఊరికి కొత్తా? ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 నుంచి ఉంది. బి, బి-హై, ఏ, టాప్ అని ఆకాశవాణి ఇచ్చే గ్రేడుల కోసం జీవితాలు ధారపోసిన విద్వాంసులున్నారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ ప్రిన్సిపాల్‌గా కూర్చున్న సంగీత కళాశాల ఉన్న ఊరిది. అక్కడ గ్రేడిచ్చినవాళ్లు చెవులున్నవాళ్లు. ముందు నేర్చుకోవడం జరిగింది, ఆ తర్వాతే తూచడం.

ఇక్కడ నేర్పే మనిషి ఉన్నాడు. పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించే మాస్టారు. వారానికి ఒక్క పూట వస్తాడు, వచ్చిన పూటకే డబ్బు, ఎండాకాలం సెలవుల్లో అదీ లేదు. పిల్లలకి వీపు చూపించి నిలబడి, “రెండో వరస, ఎడమ నుంచి మూడోవాడా, ఆ కర్ర పీక నొక్కకురా, దాన్ని ఎగరనీ” అంటాడు. తిరిగి చూస్తే నిజంగానే వాడి ఎడమ బొటనవేలు కర్ర మీద తెల్లబడిపోయి ఉంటుంది. ఆయన్ని మూల్యాంకనానికి పిలవలేదు. బీఈడీ లేదట! ఆ వారానికి ఒక్క పూట కూడా పరీక్షలు దగ్గరపడితే లెక్కల సారు లాక్కుంటాడు. సైడ్ డ్రమ్ము చర్మం చిరిగితే సెల్లోటేపు. క్లారినెట్ రీడు, అంటే ఊదితే అదిరి స్వరం పలికించే పలచని పుల్ల, చివర పగిలి ఉంది. ముగ్గురు పిల్లలు ఆ ఒక్క రీడునే ఒకరి నోట్లోంచి ఒకరు తీసుకుని ఊదుతున్నారు. ట్యాబులకి డబ్బుంది, సాఫ్ట్‌వేరుకి డబ్బుంది, రంగుల కార్డులకి డబ్బుంది. ‘బ్యాండు కిట్టు’ అని మా దగ్గర ముక్కు పిండి వసూలు చేసిన డబ్బుతో ఒక రీడు కొనడానికి ఈ సిగ్గులేని వాళ్లకి చేతులు రాలేదు. నేర్పకుండా పసివాడి నుదుటి మీద అంకె వేసే హక్కు మీకెవడిచ్చాడండీ?

వచ్చే పేరెంట్స్ మీటింగులో మావాడి రెండుని మూడు చెయ్యమని నేను అడగను. వాయిద్యాలున్న గది జనరేటరు పక్కన ఉంది, దానికి తాళం ఉంది. ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో, వారంలో ఎన్ని గంటలు ఆ తలుపు తీస్తారో మేడమ్ గారు తన ట్యాబులో చూసి చెప్పాలి.