కోఠి రెసిడెన్సీ ఎవరి ఇల్లు?

హైదరాబాద్‌లో కోఠి బస్టాపులో రోజూ దిగేవాళ్లలో చాలామందికి ఆ పేరు ఎలా వచ్చిందో తెలియదు. కోఠీ అంటే బంగ్లా. ఆ బంగ్లా అక్కడే, మహిళా విశ్వవిద్యాలయం ప్రహరీ లోపల ఉంది. అదే బ్రిటిష్ రెసిడెన్సీ, అంటే నిజాం దగ్గర ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా ఉండే రెసిడెంట్ నివాసం. సుమారు ఇరవై ఏళ్ల మరమ్మతుల తర్వాత 2023 జనవరిలో తిరిగి తెరిచారు.

దాన్ని బ్రిటిష్‌వాళ్ల కట్టడం అనేస్తుంటాం. అది సగమే నిజం. కట్టించింది రెసిడెంట్ జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్, నమూనా గీసింది మద్రాస్ ఇంజినీర్ శామ్యూల్ రస్సెల్. ఖర్చు మాత్రం నిజాంది. 1803 ప్రాంతంలో పని మొదలైంది. ముందు ఆరు భారీ కోరింథియన్ స్తంభాలు, మెట్లకు అటూ ఇటూ సింహాలు, పైన త్రికోణంలో ఈస్టిండియా కంపెనీ చిహ్నం. చూపంతా యూరప్‌దే. కానీ దూరానికి రాయిలా కనిపించే ఆ స్తంభాలు ఇటుకతో కట్టి, సున్నం పూసి నునుపు తేల్చినవి. ఆ నునుపు ఇక్కడి మేస్త్రీల చేతిది. వాళ్ల పేర్లు మాత్రం ఎవరూ చెప్పుకోరు.

నన్ను ఎక్కువగా పట్టి ఉంచేది ఖైరున్నీసా. హైదరాబాద్ ఉన్నత కుటుంబం అమ్మాయి, కిర్క్‌పాట్రిక్ భార్య. ఆమె కోసం ఇదే ఆవరణలో రంగమహల్ కట్టించాడు. పరదాలో ఉండే ఆమెకు పెద్ద భవనాన్ని ముందు నుంచి చూసే వీలు లేదని, అందుకే తోటలో దాని చిన్న నమూనా చేయించాడని చెప్పుకుంటారు. రంగమహల్‌ను 19వ శతాబ్దంలోనే కూల్చేశారు. దర్బారు హాలున్న పెద్ద భవనం నిలిచింది, ఆమె ఇల్లు పోయింది. మరమ్మతు ఎంత బాగా చేసినా ఈ ఖాళీని పూడ్చలేదు. కనీసం అక్కడ ఏం ఉండేదో చూసేవాళ్లకు చెప్పాలి.

1857 తిరుగుబాటు రోజుల్లో, జులైలో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్ నాయకత్వంలో జనం దాడి చేసింది కూడా ఈ రెసిడెన్సీ మీదే.

1949లో ఉస్మానియా మహిళా కళాశాల ఇక్కడికి వచ్చింది. ఇప్పటి మహిళా విశ్వవిద్యాలయం అదే. ఒకప్పుడు పరదా ఉన్న ఆవరణలో అమ్మాయిలు పుస్తకాలు పట్టుకుని తిరిగారు. ఆ కాలేజీ లేకపోతే ఈ భవనం ఇన్నాళ్లు మిగిలేదా అన్నది నా అనుమానం. అందుకే దీన్ని చూసిపోయే మ్యూజియంగా మాత్రమే మారిస్తే నేను ఒప్పుకోను. దర్బారు హాలులో ఆ విశ్వవిద్యాలయం సభలు జరగాలి. సందర్శకులకు భవనాన్ని చూపించి కథ చెప్పే పని చరిత్ర చదివే అక్కడి విద్యార్థినులకే ఇవ్వాలి.