జీవో వచ్చేదాకా ముసలితనం రాదు

విశాఖపట్నం జనం సగటు వయసెంత అని ఎవరైనా అడిగితే అధికారికంగా చెప్పగలిగిన సమాధానం ఒక్కటే: 2011లో ఎంతో ఇప్పుడూ అంతే. 2021లో జరగవలసిన జనగణన జరగలేదు కనుక, మహానగరపాలక సంస్థ పరిధిలో ఆనాడు తేలిన 17 లక్షల పైచిలుకు జనం ప్రభుత్వ దస్త్రాల్లో నాటినుంచీ ఒక్క పుట్టినరోజు కూడా జరుపుకోలేదు. అప్పటికి యాభైలో ఉన్నవారు ఈనాటికీ యాభైలోనే ఉన్నారు. మోకాళ్ళు ఇంకో రకంగా చెబుతుండవచ్చుగానీ, మోకాళ్ళు గెజిట్‌లో అచ్చు కావు.

అసలు ముసలితనమనేది ఏళ్ళనుబట్టి వస్తుందన్నది అపోహ. అది జీవోనుబట్టి వస్తుంది. 1983లో రాష్ట్ర ప్రభుత్వం తన ఉద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు దించినప్పుడు, రాత్రి మధ్యవయస్కులుగా పడుకున్న గుమాస్తాలు ఎందరో తెల్లారేసరికి వృద్ధులై లేచారు. తరువాత అది మళ్ళీ 58కి పెరిగింది. 2014లో 60కి, 2022లో 62కి చేరింది. ఒక తరాన్ని నాలుగేళ్ళు వెనక్కి నడిపించిన ఈ ప్రక్రియకు లేహ్యాలూ అక్కరలేదు, ఉదయపు నడకా అక్కరలేదు, ఒక సంతకం చాలు.

పిల్లల విషయంలోనూ ప్రభుత్వం ఇంతే చురుకైనది. ఇద్దరికి మించి సంతానం ఉన్నవారు స్థానిక సంస్థల ఎన్నికల్లో నిలబడరాదని 1994లో శాసనం తెచ్చారు. 2024లో దానిని ఎత్తివేసి, ఇప్పుడు కనండి కనండి అంటున్నారు. జనాభా తగ్గకుండా నిలవాలంటే స్త్రీకి సగటున 2.1 మంది పిల్లలుండాలి, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో ఉన్నది 1.7. ముప్పయ్యేళ్ళపాటు చెప్పిన మాట విన్నందుకు జనాన్ని ఇంత మర్యాదగా మందలించడం మన రాజ్యాంగబద్ధ సంప్రదాయానికి తగినదే. ఒకటే చిక్కు: ఈ పిలుపు విని పుట్టబోయే బిడ్డ ఉద్యోగానికి వచ్చేసరికి పాతికేళ్ళు పడుతుంది, వచ్చాక ఆ బిడ్డ ఎక్కేది బెంగళూరు రైలు.

పెద్ద నగరాల వయసును పురిటిగదికన్నా రైల్వేస్టేషనే ఎక్కువగా నిర్ణయిస్తుందన్న సంగతి విశాఖ చరిత్రను చూసినా తెలుస్తుంది. 1933లో ఓడరేవు, 1941లో నౌకానిర్మాణ కేంద్రం, 1957లో చమురుశుద్ధి కర్మాగారం, ఆపైన ఉక్కు ఫ్యాక్టరీ వచ్చాయి. వచ్చిన ప్రతి సంస్థా ఇరవైలలో ఉన్న కుర్రాళ్ళను గంపగుత్తగా పిలిచింది. వయసులవారీగా జనాభా బొమ్మ గీస్తే అడుగున పసివాళ్ళు, పైన వృద్ధులు ఉండే పిరమిడ్ రావాలంటారుగానీ, ఇలాంటి నగరంలో నడుమ, ఇరవై ముప్పయిల దగ్గర, ఒక ఉబ్బు కనబడుతుంది. ఆ ఉబ్బు సింహాచలం మెట్లెక్కే భక్తుడిలా ఏటా ఒక మెట్టు పైకి ఎక్కుతుందే తప్ప కిందికి దిగదు. ఉక్కు ఫ్యాక్టరీ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ‘గోదావరి’ 1990లో వెలిగే నాటికి పాతికేళ్ళవాళ్ళుగా ఉన్నవారంతా ఒకేసారి పెళ్ళిళ్ళు చేసుకుని, ఒకేసారి బడి సీట్ల కోసం కొట్టుకుని, ఒకేసారి గాజువాకలో స్థలాలు కొని, 2020ల మధ్యకు వచ్చేసరికి ఒకేసారి శాలువాలు కప్పించుకున్నారు. ఇంతటి క్రమశిక్షణ నౌకాదళానికైనా ఉందో లేదో. వారి స్థానంలో మళ్ళీ అంతమంది కుర్రాళ్ళు వస్తేనే నగరం సగటు కుదురుగా ఉంటుంది. రాకపోతే ఉబ్బు పైకి పోతుంది, కింద ఖాళీ మిగులుతుంది.

ఆ ఖాళీ ఎవరితో నిండుతుందన్నదానికి ఎంవీపీ కాలనీలో ఏ అపార్ట్‌మెంటును చూసినా సమాధానం దొరుకుతుంది. పై అంతస్తుల్లోని మూడు పడకగదుల ఇళ్ళలో ఇద్దరేసి పింఛనుదారులు, వారి పిల్లలు ఫోను తెరమీద. కింద సెల్లారులో ఒక్క గదిలో శ్రీకాకుళం జిల్లానుంచి వచ్చిన వాచ్‌మన్ దంపతులు, వారి ముగ్గురు పిల్లలు. భవనం సగటు వయసును కాపాడుతున్నది ఆ సెల్లారే. అయినా లిఫ్టు వాడకం గురించి అసోసియేషన్ చేసే తీర్మానాల్లో ఈ సేవకు ఇంతవరకు గుర్తింపు రాలేదు.

ఋషికొండ కొండలమీద ఐటీ కంపెనీలు వస్తున్నాయి కదా, కుర్రకారు వస్తుంది కదా అంటారు. రావచ్చు. 2025లో ప్రకటించిన గూగుల్ డేటా కేంద్రానికి పెట్టుబడి అయిదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లట. అయితే డేటా కేంద్రంలో అధిక సంఖ్యాకులు సర్వర్లు; అవి పెళ్ళి చేసుకోవు, పిల్లల్ని కనవు, కాలం చెల్లితే పింఛను అడగవు. నగరానికి ఇంతకన్నా ఆదర్శ పౌరులు దొరకరనుకోండి, అది వేరే మాట.

ఇక రాబోయే జనగణనకు ప్రామాణిక తేదీగా 2027 మార్చి 1ని నిర్ణయించారు. ఆ తేదీన లెక్కపెడితే నిజం తేలే ప్రమాదం ఉన్నది కనుక, విశాఖకు మాత్రం దానిని భోగి నాటికి మార్చవలసిందిగా మనవి. ఆ మూడు రోజులూ హైదరాబాదు, బెంగళూరు, అమెరికాల నుంచి కొడుకులూ కూతుళ్ళూ మనవలతో సహా దిగుతారు. నగరం పదేళ్ళు చిన్నదవుతుంది. అదే సమయంలో సెల్లారు కుటుంబాలు సొంత ఊళ్ళకు పోతాయన్నది నిజమేగానీ, వాళ్ళను శ్రీకాకుళం లెక్కల్లో వేసుకుంటారు. గణకులుగా వెళ్ళే బడిపంతుళ్ళు కూడా పండక్కి ఊళ్ళకు పోతారన్న అభ్యంతరం ఒకటుంది. దానికీ మార్గం ఉంది: బీచ్ రోడ్డులో తెల్లవారుజామున నడిచే విశ్రాంత ఉద్యోగులను నియమిస్తే సరి. వారికి ఫారాలు నింపడంలో అనుభవం ఉన్నది, ఊరు వదిలి పోరు, పైగా ఇంటింటికీ తిరిగే వంకన ఎవరి కొడుక్కి ఎంత జీతమో కూడా తెలుసుకుని వస్తారు.