నిప్పుంది, పొగేదీ?

2021 నవంబర్ వానలు తిరుపతిలో ఎవరికేం నేర్పాయో గానీ, నాకు మాత్రం ఒక పిచ్చి అంటించి పోయాయి.

ఆ రాత్రి మా వీధిలో మోకాటి లోతు నీళ్లు. కరెంటు మధ్యాహ్నమే పోయింది. గ్యాస్ లైటరు బకెట్లో పడి మూగబోయింది. అగ్గిపెట్టె ఉంది గానీ గీస్తే పుల్ల తల తడిపిండిలా జారిపోయింది. నిజానికి పుల్ల ఒక్కదాని తప్పు కాదది. పెట్టె పక్కనుండే పట్టీలో ఎర్ర భాస్వరం ఉంటుంది, అది నానిపోయాక పుల్ల నెత్తిన ఎంత మందుండీ దండగే. ఈ శాస్త్రం చీకట్లో మా అమ్మకు విడమర్చి చెబుతున్నాను. నా మాట పూర్తయ్యేలోపు ఆమె చీర ఎగదోపుకుని పక్కింటికి పోయి, కొవ్వొత్తి వెలిగించుకుని, గిన్నె అడ్డం పెట్టుకుని వచ్చేసింది.

"అయిపోయిందా నాయనా నీ పాఠం? జరుగు, అన్నం వండాల."

అవమానం మామూలుది కాదు. మా జేజినాయన మొలలో ఎప్పుడూ చెకుముకి సంచి ఉండేదంట. ఉక్కు ముక్క, రాయి, కాస్త దూది. మేకల వెంట అడవిలో తిరిగే మనిషి, ఏ వానలోనూ ఇంకొకరి గడపకు నిప్పు కోసం పోలేదంట. (చెప్పింది కూడా మా అమ్మే. మామగారిని మెచ్చుకోవడమంటే ఆమెకు మొగుణ్ణి, కొడుకుని ఒకే దెబ్బకు తిట్టడం.) ఆయన మనవణ్ణి, నా జేబులో ఏముంది? ఫోను, బస్సు టికెట్టు, సగం అరిగిన దువ్వెన.

మరుసటి వారానికి నా సంచి సిద్ధమైంది. లైటర్లు రెండు, ఒకటి మొరాయిస్తే ఇంకొకటి. మూత బిగించిన మాత్రల డబ్బాలో అగ్గిపుల్లలు, గీసే పట్టీ కత్తిరించి వాటితోపాటే. చిన్న డబ్బాలో వాసెలిన్ పట్టించిన దూది ఉండలు. అంటుకుంటే చాలాసేపు ఆరకుండా మండుతాయవి. ఒక భూతద్దం. ఈ భూతద్దం విషయంలో మా ఆవిడ వేసిన ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. "ఎండ నిప్పులు కురుస్తా ఉంటే మళ్లీ నిప్పు దేనికండీ? మనకు అగ్గి కావాల్సింది రాత్రిపూట, వానలో కదా?"

వీటన్నిటికీ రాజు ఫెర్రో రాడ్. చిటికెనవేలంత నల్ల కడ్డీ. సీరియం, ఇనుము కలిసిన ఈ జాతి లోహాన్ని 1903లో వెల్స్‌బాహ్ అనే ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త కనిపెట్టాడు. ఉక్కు రేకుతో గీకితే రాలే రవ్వల వేడి 3000 డిగ్రీల దాకా ఉంటుంది. తడిసినా తుడుచుకుని గీసుకోవచ్చు. 349 రూపాయలు పెట్టి కొన్నాక తెలిసింది, పది రూపాయల లైటర్లో చక్రం కింద నక్కి ఉండే చిన్న రాయి కూడా ఈ వంశానిదేనని. సరిగ్గా అదే డిసెంబర్ 1 నుంచి అగ్గిపెట్టె ధర పద్నాలుగేళ్ల తర్వాత రూపాయి నుంచి రెండు రూపాయలైంది. వీధి చివర అంగడి దగ్గర అందరూ దాని గురించే మొత్తుకుంటుంటే నేను నోరు మెదపలేదు.

సాధన మిద్దె మీద మొదలుపెట్టాను. మొదటి అరగంట ఒక్క రవ్వ రాలేదు. కడ్డీకి పైన నల్ల పూత ఉంటుందని, అది గీకేస్తే గానీ అసలు లోహం బయటపడదని తర్వాత తెలిసింది. పూత పోయాక రవ్వలైతే దీపావళి మతాబులా రాలాయి గానీ, గీకిన ప్రతిసారీ చెయ్యి జారి ముందున్న కొబ్బరిపీచు కుప్పను తన్నేది. పీచు మిద్దెంతా, రవ్వలు గాల్లో, నేను మధ్యలో. రేకు కదలకుండా పట్టుకుని కడ్డీని వెనక్కి లాగాలట. అలా లాగిన మొదటిసారే అంటుకుంది. పీచు కాదు, నా లుంగీ. రెండు చిల్లులు. వాటిని మా ఆవిడ కుట్టకుండా అలాగే దండెం మీద ఆరేసింది, వచ్చేపోయేవాళ్లు చూడాలని.

అయినా సంచి నా నడుము వదల్లేదు. పెళ్లికి పోయినా, బ్యాంకుకు పోయినా, చివరికి పలమనేరు నుంచి మామగారొస్తే ఆయన్ని కొండకు తీసుకుపోయినా.

అలిపిరిలో తనిఖీ సంగతి తిరుపతిలో పుట్టి పెరిగిన నాకు ఒకరు చెప్పాలా? బీడీలు, సిగరెట్లు, మందు, మాంసం కొండెక్కకూడదు. నేను పుట్టి బుద్ధెరిగి ఒక్క బీడీ ముట్టలేదు కాబట్టి ధైర్యంగా చేతులు చాపి నిలబడ్డాను. తనిఖీ చేసే ఆయన నడుం దగ్గర తడిమి, సంచి విప్పించాడు. లైటరు. ఇంకో లైటరు. అగ్గిపుల్లలు. ఒక్కొక్కటి బల్ల మీద పెడుతున్న కొద్దీ ఆయన మొహంలో ఆనందం పెరుగుతోంది.

"సిగరెట్లు యాడ సార్?"

"నేను తాగను."

"అట్లనా." చొక్కా జేబు చూశాడు, ప్యాంటు జేబులు చూశాడు, చెప్పులు విప్పమన్నాడు. నిప్పు లేనిదే పొగ రాదని అందరికీ తెలుసు. పొగ లేకుండా ఇంత నిప్పు మోసేవాణ్ణి ఆయన ఉద్యోగంలో ఎప్పుడూ చూసుండడు. దూది డబ్బా తెరిచి వాసన చూశాడు. ఫెర్రో రాడ్ వెలుతురుకేసి తిప్పి చూశాడు.

"ఇదేంది?"

"అత్యవసరానికండీ. అడవిలో చిక్కుకుంటే..."

"అడవిలో అగ్గి పెడ్తావా సార్?"

చుట్టూ శేషాచలం కొండలు, ఎండాకాలం, ఎండుగడ్డి. ఆ చోట ఆ మాట అనకుండా ఉండాల్సింది. వెనక వరసలో గుండు చేయించుకోబోయే జనమంతా నన్నే చూస్తున్నారు. భూతద్దం ఒక్కటీ తిరిగిచ్చేసి, "పేపరు చదువుకో సామీ" అన్నాడు. మిగతావి అక్కడే వదిలేశాను. దిగొచ్చేటప్పుడు మళ్లీ అడిగే మొహం లేక, ఆ తర్వాత అన్నీ కొత్తగా కొన్నాను.

మామగారు ఘాట్ రోడ్డు పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. పైకి చేరాక నన్ను పక్కకు పిలిచి, భుజమ్మీద చెయ్యేసి, నెమ్మదిగా అన్నారు: "నేనూ వయసులో తాగినోణ్ణే అల్లుడూ. మానేయొచ్చులే. అమ్మాయికి చెప్పన్లే."

తాగనని ఒట్టేద్దామంటే ఎదురుగా గోపురం. తాగేవాళ్లంతా వేసే ఒట్టే అది కదా అని ఊరుకున్నాను.

నా సంచికి అసలైన రోజు ఆ తర్వాత కార్తీకమాసంలో వచ్చింది. కపిలతీర్థం. కొండ మీంచి నీళ్లు పుష్కరిణిలోకి ధారగా దూకుతున్నాయి, తుంపర, దానికి తోడు గాలి. మా అమ్మ 365 వత్తులు నేతిలో తడిపి ప్రమిదలో పెట్టుకుని కూర్చుంది. ఇంట్లోంచి తెచ్చుకున్న అగ్గిపెట్టె తుంపరకు మెత్తబడింది. పక్కామె దీపం నుంచి అంటించుకోమంటే ససేమిరా అంది, ఒకరి దీపంతో మన దీపం వెలిగించకూడదంట.

"ఉండమ్మా" అన్నాను. జన్మలో మొదటిసారి ఆ మాట అంత గంభీరంగా వచ్చింది.

లైటరు గాలికి నిలవలేదు. రెండోదాంట్లో గ్యాస్ అయిపోయి ఎన్నాళ్లయిందో. మాత్రల డబ్బా వేరే ప్యాంటులో ఉంది. ఇక కడ్డీ తీశాను. నేతిలో నానిన వత్తికి రవ్వ అంటదు, ఎండుదూది కావాలి. దూది డబ్బా తెరిచాను. ఖాళీ. పోయిన వారం మా ఆవిడకు కాళ్లు పగిలాయని గుర్తొచ్చింది. అయినా గీకాను. రవ్వలు జల్లుమన్నాయి. పక్కన ఎవరో "కరెంటు వైరు తెగినట్టుండాది!" అని అరిచారు. నలుగురు లేచి దూరం జరిగారు. మా అమ్మ మాత్రం జరగలేదు, కళ్లు మూసుకుని శివనామం చేసుకుంటోంది, నా మొహం చూడ్డం ఇష్టంలేక.

పరుగెత్తుకుంటూ పూలమ్మే అవ్వ దగ్గరికి పోయాను. ప్లాస్టిక్ కవర్లో చుట్టిన అగ్గిపెట్టె తీసిచ్చి, "రెండ్రూపాయలు సామీ" అంది. చిల్లర లేదు. ఫోను మా ఆవిడ దగ్గర ఉంది. ఆమె చెప్పుల దగ్గర ఎక్కడో ఉంది. చేతిలో ఉన్నదల్లా కడ్డీ ఒక్కటే.

"ఇది పెట్టుకో అవ్వా, ఇప్పుడే వచ్చి డబ్బులిస్తా."

అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇనప పుల్లా? ఇది దేనికి పనికొస్తాది?"

"అగ్గి పుట్టిస్తుంది అవ్వా. వానలో కూడా."

అవ్వ కడ్డీని చూసింది. నా చేతిలోని అగ్గిపెట్టెను చూసింది. తర్వాత మల్లెపూలు మూర వేసుకుంటూ, "సరే పో సామీ, మీయమ్మ కాసుకోనుండాది" అంది.