ఉన్న బార్‌కి ఏమొచ్చింది?

మాది 2007 నిస్సాన్ 350జెడ్. రెండే సీట్లు, 306 హార్స్‌పవర్. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో దాని ముఖ్యమైన ఉద్యోగం ఇండియన్ స్టోర్ నుంచి సోనా మసూరి మోసుకురావడం. డిక్కీలో కంపెనీవాళ్లే అడ్డంగా ఒక లావుపాటి బార్ బిగించారు. మలుపుల్లో బాడీ మెలితిరగకుండా పట్టి ఉంచుతుందది. మా ఆవిడ దాన్ని దూలం అంటుంది. బియ్యం బస్తా దూలానికి ఇవతల పెట్టాలా, అవతలా అన్నది మా ఇంట్లో ఇంకా తేలని వ్యాజ్యం.

ముందు బానెట్ కింద కూడా ఇలాంటిదే ఒకటుంది. రెండు వైపుల సస్పెన్షన్ టవర్లనీ ఇంజిన్ మీదుగా కలుపుతుంది. అది మార్చమన్నాడు మా బావ. "బయటిది వేసి చూడు బామ్మర్దీ, స్టీరింగ్ కత్తిలా ఉంటుంది." ఆయన తోలేది ఏడు సీట్ల వ్యాన్, అది వేరే సంగతి.

"బార్ మీద అంత కక్షగా ఉంటే వెనకది తియ్యండి, బస్తా పడుతుంది" అంది మా ఆవిడ. పాపం, ఇంజినీరింగ్ తెలియదని నవ్వుకున్నాను.

మెరిసే నీలం బార్, సెకండ్‌హ్యాండ్, 90 డాలర్లు. శనివారం పొద్దున్నే కారుని చదునైన చోట నిలిపాను. నాలుగు చక్రాలూ నేల మీదే ఉండాలి, జాకీ ఎత్తితే బోల్టు రంధ్రాలు సరిగ్గా కలవవు. ఇంత తెలిసినవాణ్ని, ఆ బార్ ఏ సంవత్సరం కారుదో మాత్రం అడగలేదు. 2007లో ఇంజిన్ మారి కాస్త ఎత్తు పెరిగింది, బానెట్ మీద ఉబ్బు అందుకే. ప్రతి ఆదివారం నేను తుడిచే ఉబ్బే. పాత మోడల్ బార్ వెళ్లి ఇంజిన్ మీద పీటేసుకుని కూర్చుంది, టవర్లని మాత్రం అందుకోలేదు.

సరే, ఉన్నదే బిగిద్దామంటే నట్టు చేయి జారింది. టింగ్, టింగ్, ఆ తర్వాత నిశ్శబ్దం. నేల మీద పడలేదు. కర్రకి అయస్కాంతం కట్టి రెండు గంటలు గాలం వేశాను. చివరికి కింది ప్లాస్టిక్ కవర్ విప్పితే ఎండుటాకులు, ఒక పెన్ను మూత, వాటి మధ్య నట్టు.

సాయంత్రం బావ వచ్చాడు. నేను నోరు తెరిచేలోపే తాళాలు లాక్కున్నాడు. మొదటి మలుపులోనే ముఖం వెలిగిపోయింది.

"చూశావా! దీనికీ పాతదానికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా! ఇంతకీ ఆ పాత బార్ పారెయ్యలేదు కదా?"

"లేదు బావా, భద్రంగానే ఉంది" అన్నాను.

వెనక దూలం అవతల బస్తా ఒకసారి దొర్లింది.