నిధికి క్యూరింగ్ జరుగుతోంది, కదిలించకండి

భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ నిధి కార్మికులకు అందడం లేదని కొందరు గగ్గోలు పెడుతున్నారు. ఓపిక లేని మనుషులు. స్లాబు పోసిన మర్నాడే సెంట్రింగు ఊడదీసే రకం. మామూలు స్లాబు గట్టిపడ్డానికే క్యూరింగ్ అని రెండు మూడు వారాలు నీళ్లు కొడతామే, మరి వేల కోట్ల నిధికి ఎన్నేళ్లు కొట్టాలి?

ఈ నిధిని పెట్టమన్న చట్టం 1996లో వచ్చింది. కోనసీమలో ఇళ్లనీ కొబ్బరితోటల్నీ నేలమట్టం చేసిన తుపానూ ఆ ఏడాదిదే. తుపాను ఒక్క రాత్రిలో పని ముగించుకుని వెళ్లిపోయింది. చట్టానికి అంత తొందర లేదు. కట్టడం ఖర్చులో నూటికి రూపాయి సెస్సు వసూలు చేసి కార్మికుల ప్రమాదాలకీ, ప్రసూతికీ, పిల్లల చదువుకీ, అరవై దాటాక పింఛనుకీ వాడాలన్నారు. వసూలు భేషుగ్గా సాగింది. అమలు కావడం లేదని 2006లో కొందరు సుప్రీంకోర్టుకెక్కితే 2018 మార్చిలో తీర్పొచ్చింది. అప్పటికి దేశమంతా కలిపి పోగైంది 37 వేల కోట్ల పైచిలుకు, ఖర్చయింది సుమారు 9,500 కోట్లు. కేసు నడిచింది పన్నెండేళ్లు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్టని 1847లో మొదలుపెట్టి 1852కల్లా కట్టేశాడంటే ఎంత దుడుకు మనిషో చూడండి.

ఆ కాస్త ఖర్చులోనూ ల్యాప్‌టాప్‌లూ వాషింగ్ మెషీన్లూ ఉన్నాయన్న సంగతి కోర్టు దాకా వెళ్లింది. ఇందులో విడ్డూరమేముంది? సిమెంటు పట్టిన లుంగీ చేత్తో ఉతికితే వదులుతుందా? కాకపోతే కాలవగట్టు మీది పాకలో కుళాయి ఉండదు, మెషీన్ పెట్టడానికి చోటూ ఉండదు. అది లబ్ధిదారుడి లోపం, పథకానిది కాదు.

అసలు లబ్ధిదారుడు కావడమే ఒక పరీక్ష. గడిచిన 12 నెలల్లో కనీసం 90 రోజులు పని చేసినట్టు చూపించాలి. రావులపాలెం, తణుకు, భీమవరం, ఏ ఊరి సెంటరుకైనా పొద్దున్నే వెళ్లండి. కూలీలు తాపీ, పార, క్యారేజీ పట్టుకుని పని కోసం నిలబడి ఉంటారు, అదే వాళ్ల అడ్డా. సోమవారం ఒక మేస్త్రి, మంగళవారం ఇంకో మేస్త్రి, బుధవారం ఎవరూ పిలవరు. "నువ్వు నా దగ్గర పనిచేశావని సంతకం పెడితే నా మీదికే వస్తారేమో" అని మేస్త్రికి టెన్షన్. అయిదంతస్తుల అపార్టుమెంటు లేపినవాడే, ఆ సంతకం లేకపోతే కాగితం మీద కూలీ కూడా కాడు. నకిలీ కూలీల బారి నుంచి నిధిని ఇంత కట్టుదిట్టంగా కాపాడుతున్నందుకు మెచ్చుకోవాలి. అసలు కూలీల బారి నుంచి కూడా కాపాడుతున్నారనుకోండి, అది వేరే సంగతి.

న్యాయమూర్తి మదన్ లోకూర్ ఆ 2018 తీర్పు మొదలుపెడుతూనే, లక్షలాది మంది నిర్మాణ కార్మికులకు ప్రతీకాత్మక న్యాయం తప్ప ఇవ్వడానికి ఇంకేమీ లేదన్నారు. ఏదో ఒకటి ఇచ్చారు కదా, సంతోషం. అడ్డా పక్క టీ కొట్టువాడు దాన్ని తీసుకుని ఓ సింగిల్ టీ పోస్తాడో లేదో కనుక్కోవాలి.

చట్టం అమలుపై సోషల్ ఆడిట్, అంటే కార్మికుల్నే అడిగి చేసే తనిఖీ, చేయించాలని కూడా ఆ తీర్పులో ఉంది. మన జిల్లాల వరకూ నాదొక సలహా. ఆడిట్‌కి అడ్డా దగ్గరికి పదకొండు గంటలకి వెళ్లండి. అప్పటికి పని దొరికినవాళ్లు సారవల మీద ఉంటారు, దొరకనివాళ్లు ఇంటికెళ్లిపోతారు. అడగడానికి మనిషే లేనప్పుడు ఫిర్యాదు ఎక్కడిది? నిల్ అని రాసుకుని భోజనం వేళకి ఆఫీసుకి చేరుకోవచ్చు.