కట్టినవాళ్లే గండి కొడుతున్నారు: నెదర్లాండ్స్ సరస్సుల కథ

అమెరికాకు పోతూ ఆమ్‌స్టర్‌డామ్‌లో విమానం మారే మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. స్కిపోల్ విమానాశ్రయం ఉన్నది ఒక సరస్సు అడుగున. అది సముద్రమట్టానికి మూడు మీటర్లకు పైగా కిందన్నమాట. అక్కడ ఒకప్పుడు సుమారు 180 చదరపు కిలోమీటర్ల హార్లెమర్‌మీర్ సరస్సు ఉండేది. 1836 నవంబరు తుపాను దాని నీళ్లను ఆమ్‌స్టర్‌డామ్ గుమ్మం దాకా తోసింది. డిసెంబరు తుపాను అవే నీళ్లను ఇటు లైడెన్ మీదికి తోలింది. గాలి వీచినప్పుడల్లా ఒడ్డును కొరుక్కుతినే ఆ సరస్సును జనం 'నీటి తోడేలు' అనేవారు. చివరికి మూడు ఆవిరి పంపు కేంద్రాలు పెట్టి, 1849 నుంచి 1852 దాకా తోడి ఎండగట్టారు. వాటిలో క్రూకియస్ అనే కేంద్రం ఇప్పుడు మ్యూజియం. అందులోని ఇంజన్ సిలిండర్ వ్యాసం 144 అంగుళాలు. నిలువెత్తు మనిషి దాని మధ్యలో నిలబడి రెండు చేతులూ చాచినా అంచులందవు.

ఇంతకీ ఆ తోడేలును మేపిందెవరు? చాలావరకు మనుషులే. ఆ నేలలో పీట్ అనే నల్లటి మెత్తని మట్టి ఉంటుంది. వేల ఏళ్లు నీళ్లలో నానిన నాచు, రెల్లు అందులో పేరుకుని ఉంటాయి. ఎండబెడితే పిడకలా మండుతుంది. చలిదేశంలో పొయ్యిలకూ, ఇటుక బట్టీలకూ, సారా బట్టీలకూ అదే వంటచెరకు. పొడవాటి కర్రకు వల కట్టి, నీటి అడుగు నుంచి ఆ బురదను తోడేవారు. పక్కనే సన్నటి గట్టు వదిలి, దాని మీద పరిచి, ఆరాక ముక్కలుగా కోసేవారు. తోడినచోట నీళ్లు నిలిచాయి. గట్లు సన్నబడ్డాక అలలు వాటినీ మింగేశాయి. ఇప్పుడు పడవల మీద సెలవులు గడిపే వింకెవేన్, లోస్‌డ్రెఖ్ట్ సరస్సులు అలా పుట్టినవే. వింకెవేన్‌ను పైనుంచి చూస్తే ఆనాటి గట్లు దువ్వెన పళ్లలా ఇంకా కనబడతాయి.

తెలుగులో మనకు తేడా తెలుసు. కట్ట వేస్తే చెరువు, తనంతట తాను ఏర్పడితే సరస్సు. పాకాల చెరువు, కొల్లేరు సరస్సు. నెదర్లాండ్స్‌లో ఈ లెక్క పనిచేయదు. అక్కడ నిజంగా సహజమైనదని చెప్పుకునే నార్డర్‌మీర్‌ను కూడా ఎండగట్టబోయి రెండుసార్లు విఫలమయ్యారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆమ్‌స్టర్‌డామ్ నగరపాలక సంస్థ అందులో ఊరి చెత్త పోద్దామనుకుంది. అది ఆపడానికి 1905లో ఒక ప్రకృతి పరిరక్షణ సంఘం పుట్టి, మరుసటేడు ఆ సరస్సును కొనేసింది. అంటే ఆ సహజ సరస్సు కూడా ఈరోజు ఉన్నది ఒకరు డబ్బు పెట్టి కాపాడబట్టే.

ఇక అసలు పెద్ద కథ ఐసల్‌మీర్. 1932 దాకా అది సరస్సు కాదు, జైడర్ జీ అనే ఉప్పునీటి సముద్రపు పాయ. 1916 జనవరిలో దాని గట్లు తెగి ఊళ్లు మునిగాయి. కొర్నేలిస్ లేలీ అనే ఇంజనీరు 1891లోనే గీసిపెట్టుకున్న పథకం అప్పటికి అక్కరకొచ్చింది. ఆయనే మంత్రిగా ఉండగా 1918లో చట్టమైంది. సముద్రానికి అడ్డంగా 32 కిలోమీటర్ల కట్ట వేస్తే బయట ఆటుపోట్లు ఎంత పెరుగుతాయో తేల్చడానికి భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న హెండ్రిక్ లోరెంజ్‌ను పెట్టారు. ఆయన కమిటీ ఎనిమిదేళ్లు లెక్కలు కట్టింది. ఆ లెక్కల వల్లే ఫ్రీస్‌లాండ్ వైపు కట్ట దారి మారింది. 1932 మే 28న ఆఖరి ఖాళీ పూడింది. కొన్నేళ్లలో ఐసల్ నది నీళ్లు ఉప్పును కడిగేశాయి. పేరులోని 'జీ' (సముద్రం) కూడా పోయి 'మీర్' (సరస్సు) వచ్చింది.

లోరెంజ్ లెక్కల్లోకి రానిది చేపల మాట. హెర్రింగు, మన నెత్తళ్ల జాతి చేప ఆంకోవీ ఆ పాయ నుంచి మాయమయ్యాయి. జాలరులకు సాయం కోసం చట్టమొకటి చేశారు గానీ, తరాల వృత్తికి వెల కట్టడం చట్టం వల్ల అవుతుందా? ఉర్క్ అనే ద్వీపం 1939లో గట్టుతో నేలకు కలిసిపోయింది. అయినా అక్కడివాళ్లు నాగలి పట్టలేదు, పడవలు తీసుకుని ఉత్తర సముద్రానికి పోయారు. ఈనాటికీ ఉర్క్ అంటే చేపల ఊరే. ఆ మొండితనం నాకు నచ్చుతుంది.

మన పూర్వులు వలందులన్న ఈ డచ్చివారు (మచిలీపట్నంలో వలందపాలెం వాళ్ల గుర్తే) నీటిని జయించారని అందరూ రాస్తారు. నాకు ఆ మాట పొసగదు. వాళ్ల సరస్సుల చరిత్రలో నాకు కనబడేది ముందు మూసేయడం, తర్వాత ఏం పోయిందో తెలుసుకోవడం, ఆపైన తామే కట్టిన కట్టకు కన్నం పెట్టడం. ఈశాన్య పోల్డర్‌ను (గట్టు కట్టి నీళ్లు తోడేసిన నేలను పోల్డర్ అంటారు) 1942లో ఎండగట్టి నేరుగా పాత నేలకు అతికించారు. దాంతో పక్క ఊళ్లలో భూగర్భజలం పడిపోయింది. ఆ దెబ్బ తిన్నాకే ఫ్లేవోలాండ్ పోల్డర్‌కూ పాతగట్టుకూ మధ్య కావాలని నీటిపాయలు వదిలారు. పటంలో అందమైన సరస్సుల్లా కనబడే వేలువేమీర్ లాంటివి నిజానికి పొరపాటు నేర్పిన పాఠం.

నైరుతిన ఖ్రేవెలింగెన్ అనే సముద్రపు పాయను 1971లో బ్రౌవర్స్ డ్యామ్‌తో మూసేశారు. ఆటుపోట్లు ఆగాయి. దాన్ని మంచినీటి సరస్సు చేద్దామనుకున్నవాళ్లే మనసు మార్చుకుని, 1978లో అదే డ్యామ్‌లో తూము తెరిచి ఉప్పునీరు లోనికి వదిలారు. అదీ చాల్లేదు. వేసవిలో లోతున ఆక్సిజన్ అందక అడుగున ఉండే జీవులు చస్తున్నాయి. ఇంకా పెద్ద దారి తెరిచి కొంతమేర ఆటుపోట్లు తేవాలన్న ప్రతిపాదన ఏళ్ల తరబడి ఖర్చు దగ్గర నలుగుతోంది.

ఐసల్‌మీర్ దక్షిణ భాగమైన మార్కర్‌మీర్‌ది మరో రకం విడ్డూరం. దాన్ని పొలాలు చేయాలనే రెంటి మధ్యన గట్టు మొదలెట్టి 1970లలో పూర్తిచేశారు. వాదోపవాదాలు దశాబ్దాలు సాగి ఆ పథకం మూలపడింది. గట్టు మాత్రం మిగిలింది. ఒండ్రు బయటికి పోయే దారిలేక, అలలకు లేచి లేచి నీళ్లు బురదెక్కాయి, పక్షులు తగ్గాయి. చివరికి ఆ ఒండ్రునే తోడి, 2016లో మొదలెట్టి మార్కర్ వాడెన్ అనే దీవులు పోశారు, పక్షుల కోసం. నేల కోసం మొదలెట్టిన పని నేల దగ్గరికే చేరింది, రైతుకు మాత్రం కాదు.

32 కిలోమీటర్ల కట్ట దగ్గరికి మళ్లీ వద్దాం. వేలెడంత పొడవు, గాజులా వెలుతురు అవతలికి కనబడే మలుగు చేప పిల్లలు అట్లాంటిక్ దాటి నదుల్లోకి పోదామని వచ్చి ఆ కట్ట దగ్గర ఆగిపోతాయి. సముద్రం వెనక్కి తగ్గినప్పుడే తూములు ఎత్తుతారు. అప్పుడు నీరు ఎంత ఉరవడిగా బయటికి దూకుతుందంటే అవి ఎదురీదలేవు. అందుకని కార్న్‌వెర్డర్‌జాండ్ దగ్గర కట్టను తొలిచి, నాలుగు కిలోమీటర్ల మెలికల కాలువ తవ్వే పని పెట్టుకున్నారు. ఉప్పు నుంచి తీపికి నెమ్మదిగా అలవాటుపడుతూ చేప ఎక్కడానికి ఆ మెలికలు. ఆ కన్నంలోంచి ఉప్పు మాత్రం ఎక్కువ చొరబడకూడదు. ఐసల్‌మీర్ నీళ్లు లక్షలమందికి తాగునీరు, ఉత్తర ప్రాంతాల పొలాలకు సాగునీరు.

అదే కట్టకు అవతలి కొన దెన్ ఊవర్ దగ్గర ఇంకో పని చేపట్టారు. సముద్రమట్టం పెరిగేకొద్దీ తూములు ఎత్తినంత మాత్రాన నీరు పల్లానికి పోయే గంటలు తగ్గిపోతున్నాయి. అందుకని అక్కడ భారీ పంపులు బిగించే పని అది, ఐసల్ నది తెచ్చే నీళ్లను సముద్రంలోకి ఎత్తిపోయడానికి.