మంత్రగాడిని గడీలో వెతకండి

యుద్ధాన్నీ క్షుద్రవిద్యనూ కలగలిపి కొద్దిపాటి డబ్బుతో తీసే దెయ్యం సినిమాలను మన విమర్శకులు లెక్కలోకే తీసుకోరు. నాజీ బంకర్లో శవాలు లేస్తాయి, కందకంలో పొగమంచు మనుషుల్ని మింగుతుంది, చివరికి ఒక్కడు మిగులుతాడు, ఇందులో మాట్లాడుకోవడానికి ఏముందని వారి ప్రశ్న. చాలా ఉంది. నల్గొండ, మహబూబ్‌నగర్‌ల నుంచి కెమెరా పట్టుకుని బయలుదేరుతున్న కుర్రకారు వాటి నుంచి నేర్చుకోవలసినది మరీ ఉంది. ఎందుకంటే మనం తీస్తున్న దెయ్యం కథల్లో క్షుద్రశక్తి తప్పుడు ఇంట్లో కాపురం ఉంటోంది.

ఈ తరహా చిత్రాల లెక్క అందరికీ తెలిసిందే. ఒకే చోటు, కొద్దిమంది నటులు, చీకటి, శబ్దం. 2008లో వచ్చిన బ్రిటిష్ చిత్రం ‘ఔట్‌పోస్ట్’ కోసం నిర్మాతలైన దంపతులు గ్లాస్గోలోని సొంత ఇల్లు తాకట్టు పెట్టారు. తూర్పు యూరప్‌లోని ఒక నాజీ బంకర్లో జరిగే కథను స్కాట్లాండ్‌లో చుట్టేశారు. వాళ్ల పొదుపును మెచ్చుకునేవాళ్లు అసలు సంగతి వదిలేస్తారు. ఆ బంకర్లో క్షుద్రప్రయోగం చేయించింది ఎవరు? యూనిఫాం తొడుక్కున్న రాజ్యం. ఆ ప్రయోగానికి ఒళ్లు అప్పగించింది మామూలు సిపాయి. మంత్రం పైవాడి చేతిలో ఉంది, కిందివాడు దానికి బలయ్యాడు.

ఇంకా పదునైన ఉదాహరణ 2016లో బాబక్ అన్వరీ తీసిన ‘అండర్ ద షాడో’. ఇరాన్, ఇరాక్ యుద్ధకాలంలో టెహ్రాన్‌లోని ఒక అపార్ట్‌మెంట్, ఒక తల్లి, ఒక కూతురు. పేలుడుకు అద్దాలు చెదిరి మీద పడకుండా కిటికీలకు టేపులు అంటించి ఉంటాయి. ఒకరోజు పై అంతస్తు మీద పడిన క్షిపణి పేలకుండా దిగబడిపోతుంది. వీళ్ల ఇంటి పైకప్పు పగులుతుంది. ఆ క్షిపణితో పాటే జిన్ను వచ్చిందని పిల్ల నమ్ముతుంది. ఈ తల్లిని రాజకీయాల్లో తిరిగిందన్న కారణంతో మళ్లీ వైద్యవిద్యలోకి రానివ్వలేదు. భయంతో బిడ్డను ఎత్తుకుని రాత్రివేళ వీధిలోకి పరుగెత్తితే, తలమీద ముసుగు లేదని అరెస్టు చేస్తారు. తిరిగి ఇంటికి వస్తే ఆమెను మింగడానికి వచ్చే దెయ్యం చాదర్ రూపంలోనే, ఒళ్లంతా కప్పే ముసుగు గుడ్డగానే ఉంటుంది. ఆమెను వీధిలో ఏ గుడ్డ పేరుతో పట్టుకున్నారో, ఇంట్లో అదే గుడ్డ దెయ్యమై ఆడుతుంది. వంద పేజీల రాజకీయ వ్యాసం చేయలేని పని అది.

ఇప్పుడు మన సినిమాల వైపు చూడండి. చేతబడి చేసేవాడు ఎక్కడ ఉంటాడు? ఊరి చివర గుడిసెలో. విరబోసిన జుట్టు, నల్లటి ఒళ్లు, నిమ్మకాయలు, బొమ్మకు గుచ్చిన సూదులు. దొర బంగళా మాత్రం పాత అందాల లొకేషన్. అక్కడ తిరిగే ఆత్మకు కూడా పట్టుచీరే కడతారు. భయాన్ని పేదవాడి వాకిట్లో కట్టేసి, కులీనుడి ఇంట్లో సానుభూతిని కూర్చోబెట్టే ఈ పద్ధతిని పుట్టించింది బడ్జెట్ కొరత కాదు, చూపులోని లోపం.

దక్షిణ తెలంగాణ చరిత్ర ఈ చూపును తిరగేయమని ఏడు దశాబ్దాలకు పైగా చెబుతూనే ఉంది. అప్పటి నల్గొండ జిల్లాలో విసునూరు దేశ్‌ముఖ్ అనే భూస్వామి కింద 60 ఊళ్లు, 40 వేల ఎకరాలు ఉండేవి. గడీ ముందు, అంటే కోటలాంటి దొర ఇంటి ముందు, నడవాలంటే చెప్పులు చేత పట్టుకోవాలి. వెట్టి చేసే కులాల వాళ్లు పిలుపు రాగానే సొంత పొలం వదిలి పరుగెత్తాలి. దొర ఇంట పెళ్లయితే కూతురితో పాటు పేదింటి ఆడపిల్లను ఆడబాపగా అత్తింటికి పంపేవారు. కంటికి కనిపించకుండానే అరవై ఊళ్ల మనుషుల కాళ్లూ చేతులూ కదిలించే శక్తి ఒక ఇంటికి ఉందంటే, దానికంటే పెద్ద వశీకరణం ఏ రచయిత ఊహించగలడు?

1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల తుపాకులకు దొడ్డి కొమురయ్య నేలకొరిగిన తర్వాత ఆ వశీకరణం తెగింది, తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం రాజుకుంది. తరువాతి రెండేళ్లు ఊళ్లు బురుజులెక్కి కాపలా కాశాయి. నాకు తెలిసి ప్రపంచంలో ఏ బంకరూ బురుజుకు సాటిరాదు. గుండ్రటి రాతి గోడ, లోపలికి ఒకే ఒక్క ఇరుకు దారి, తుపాకీ గొట్టం పట్టేంత కంతలు. ఆ కంతలోంచి చూస్తే మీకు దొరికేది జానెడు చీకటి, దాని అవతల జొన్నచేను. చేలో గలగల గాలిదో మనిషిదో తెలియదు. పైనున్న వాళ్ల దగ్గర వడిసెలలు, గుతప కర్రలు, కారం, మందు కూరి పేల్చే భర్మార్ తుపాకులు ఒకటో రెండో, ఊరిని లేపడానికి ఒక నగారా. వీళ్లలో ఒకడు చిన్నప్పటి నుంచి గడీలో జీతం చేసినవాడనుకోండి. అర్ధరాత్రి చేలోంచి దొర గొంతు వాణ్ని పేరు పెట్టి పిలిచిందనుకోండి. పిలిస్తే పోవడం వాడి ఒంటికి అలవాటు. సినిమా అంతా ఆ ఒక్క రాత్రి, ఆ ఒక్క గొంతు చాలు. గ్రాఫిక్స్‌కు రూపాయి అక్కర్లేదు, మంచి సౌండ్ ఇంజనీరు కావాలి.

ఇక్కడ ఒక సులువైన దారి నోరూరిస్తుంది. నాజీ స్థానంలో నిజాం పాలన కోసం ఆయుధం పట్టిన రజాకారును నిలబెట్టి, గడ్డం పెట్టి, రాక్షసుణ్ని చేసేయడం. గుండ్రాంపల్లిలో రజాకార్లు చేసిన హత్యాకాండను ఎవరూ తక్కువ చేసి చెప్పకూడదు. కానీ 1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు హైదరాబాద్ సంస్థానంపై భారత సైన్యం సాగించిన పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా సంస్థానమంతటా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని భారత ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. వారిలో అత్యధికులు ముస్లింలు. ఒక మతాన్ని దెయ్యంగా చూపే సినిమా ఆ శవాల మీద నుంచి నడుస్తుంది. పైగా అది అసలు దెయ్యాన్ని తప్పిస్తుంది. ఎందుకంటే ఉద్యమానికి జడిసి పట్నం పారిపోయిన దొరలు సైన్యం వెంట ఊళ్లకు తిరిగి వచ్చారు, ఈసారి కాంగ్రెస్ వాళ్ల ఖద్దరు టోపీతో. జనం పంచుకున్న భూములు మళ్లీ లాక్కున్నారు. కమ్యూనిస్టుల సాయుధ దళాలు నల్లమల అడవుల్లోకి వెళ్లి 1951 దాకా పోరాడాయి. పోయిందనుకున్నది వేషం మార్చి వాకిట్లో నిలబడటం కంటే భయానక కథకు ఏం కావాలి?

అమరుల త్యాగాన్ని దెయ్యం కథ చేస్తారా అని కొందరు పెద్దలు నొచ్చుకుంటారు. మూఢనమ్మకాలు పెరుగుతాయని హేతువాద మిత్రులు అంటారు. మొదటి వారికి నా మనవి, స్తూపం దగ్గర ఏడాదికోసారి పూలదండ వేసి వచ్చే కొత్త తరానికి వెట్టి అంటే ఏమిటో ఒంటితో తెలియాలి, భయం ఆ పని చేస్తుంది. రెండో వారి ఆందోళన నాదీ. అందుకే ఈ వ్యాసం.

బాణామతి, అంటే చేతబడి, చేశారన్న అనుమానంతో మనుషుల్ని స్తంభానికి కట్టి కొట్టడం, పళ్లు ఊడబెరకడం, తగలబెట్టడం తెలంగాణ పల్లెల్లో ఎన్నోసార్లు జరిగింది. బలైన వాళ్లు ఎవరు? వితంతువులు, ఒంటరి ముసలివాళ్లు, దళితులు, కొంచెం భూమి ఉండి అండ లేనివాళ్లు. ఏ దేశ్‌ముఖ్ పళ్లూ ఎవరూ పీకలేదు. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇలాంటి దురాచారాలపై చట్టాలు చేశాయి, మనం ఇక్కడ ప్రత్యేక చట్టం కోసం అడుగుతూనే ఉన్నాం. చట్టం వచ్చేదాకా, వచ్చిన తర్వాత కూడా, తెరమీద గుడిసెలోని ముసలమ్మ మంత్రగత్తెగా కనిపించిన ప్రతిసారీ ఊళ్లోని అనుమానానికి ఒక సాక్ష్యం దొరుకుతుంది. పిల్లవాడికి జ్వరం వస్తే ఎవరి ఇంటి వైపు వేలు చూపాలో ఆ దృశ్యమే నేర్పుతుంది.

కాబట్టి దేవరకొండలోనో వనపర్తిలోనో కూర్చుని తొలి స్క్రిప్టు రాసుకుంటున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ కథలో మంత్రగాడి పాత్ర దగ్గర ఆగండి. అతని ఇల్లు ఏ వాడలో పెట్టారో, అతనికి ఏ ఇంటిపేరు ఇచ్చారో చూసుకోండి. ఊరవతల పెట్టి ఉంటే ఆ పేజీలు చించి, గడీ తలుపు దగ్గర నుంచి కథ మళ్లీ మొదలుపెట్టండి.